గట్టు మీద రిక్సియా: వెతికి, కోసి, పేరు పెట్టే దాకా

రిక్సియా అంటే వానాకాలం తర్వాత నేలకి అంటుకుని పెరిగే చిన్న పచ్చటి మొక్క. దాని కోసం బయలుదేరేవాళ్ళు సంచిలో ముందుగా వేసుకోవాల్సింది పాత అట్లకాడ. అంచు అరిగిపోయి, పల్చబడి, అట్లు తిప్పడానికి పనికిరాదని మూలన పడేసింది అయితే ఇంకా మంచిది. తాపీ పెడితే అరకిలో మట్టి పెళ్లగించుకొస్తుంది. చాకు పెడితే మొక్క మధ్యలో తెగుతుంది. అట్లకాడ మాత్రం అట్టు కిందికి దూరినట్టే రిక్సియా కిందికి దూరి, దాన్ని అంటుకున్న పల్చటి మట్టి పొరతో సహా లేపుతుంది. ఇది ఏ ప్రాక్టికల్ మాన్యువల్‌లోనూ నేను చూడలేదు. నాకు తెలియడానికి మూడేళ్ళు పట్టింది.

శ్రీకాకుళంలో ఒక డిగ్రీ కాలేజీ బోటనీ ల్యాబులో 31 ఏళ్ళు అటెండరుగా చేశాను. చదివింది ఇంటరే. కానీ ప్రాక్టికల్స్ రోజున బల్ల మీద పచ్చి రిక్సియా ఉండాలంటే తెల్లారకముందే సైకిలేసుకుని నాగావళి అవతల పొలాల్లోకి పోవాల్సింది నేనే. తేవడం, కడగడం, కోసి చూపించడం, సీసాల్లో పెట్టడం, పిల్లలు పగలగొట్టిన కవర్ గ్లాసులు ఏరడం, అన్నీ నావే. లెక్చరర్లు బదిలీ అయిపోతుంటారు, అటెండరు అక్కడే ఉంటాడు. అలా ఒకే పాఠాన్ని ముప్ఫైసార్లు విన్నాను.

ఈ మధ్య మా మేనకోడలి కూతురు బీఎస్సీలో చేరి ఫోన్ చేసింది. “తాతా, రిక్సియా ఎలాగుంటాది? ఫొటోల్లో అన్నీ ఒక్కలాగే ఉన్నాయి, రికార్డు రాయాలంటే టెన్షన్‌గా ఉంది” అంది. ఆ పిల్లకి ఫోన్లో చెప్పిందే కాస్త వివరంగా రాస్తున్నాను.

అసలిది ఏమిటి

వాన పడ్డాక నేలకి పచ్చగా అంటుకున్న దాన్ని దేన్నయినా మనం పాచి అనో నాచు అనో అంటాం. అందులో సిగ్గుపడాల్సింది లేదు. మొక్కలన్నిటికీ రెండేసి పేర్ల పద్ధతి తెచ్చిన లిన్నేయస్ కూడా 1753లో రిక్సియాని ఆల్గేల్లోనే, అంటే నాచుల గుంపులోనే వేశాడు. తర్వాతివాళ్ళు బయటికి తీశారు.

ఇది బ్రయోఫైటు, అంటే నీళ్ళు మోసే గొట్టాలు లేని చిన్న మొక్కల కోవది. వాటిలో లివర్‌వర్టుల గుంపుది. లివర్ అంటే కాలేయం, వర్ట్ అంటే పాత ఇంగ్లిష్‌లో మొక్క. తమ్మెలు తమ్మెలుగా ఉన్న మొక్కని చూసి యూరప్‌లో పాతకాలం వైద్యులు కాలేయం అనుకున్నారు, కాలేయం జబ్బులకి మందు కూడా అనుకున్నారు. వేరు లేదు, కాండం లేదు, ఆకు లేదు, నీళ్ళు మోసే గొట్టాలు లేవు, పువ్వు లేదు. నేలకి అంటుకుని పరుచుకున్న పచ్చటి రేకు ఉంటుంది, దాన్నే థాలస్ అంటారు.

వర్గీకరణ రాయమంటే ఇలా రాయండి: విభాగం మార్కాన్షియోఫైటా, తరగతి మార్కాన్షియాప్సిడా, క్రమం మార్కాన్షియేల్స్, కుటుంబం రిక్సియేసి, ప్రజాతి రిక్సియా. పాత పుస్తకాల్లో విభాగం బ్రయోఫైటా అనీ, తరగతి హెపాటికాప్సిడా అనీ ఉంటుంది. మీ సిలబస్ పుస్తకంలో ఏది ఉంటే అది రాయండి, మార్కులు వేసేవాళ్ళతో పేచీ ఎందుకు. ఈ ఒక్క ప్రజాతిలోనే ప్రపంచం మొత్తం మీద 150కి పైగా జాతులున్నాయి. అదే కుటుంబంలో రిక్సియోకార్పస్ అని ఇంకో ప్రజాతి ఉంది, దాంట్లో ఉన్నది ఒక్కటే జాతి. నీళ్ళ మీద తేలుతుంది.

పేరు ఇటలీది. ఫ్లోరెన్స్‌లో మికేలి అనే ఆయన 1729లో వేసిన పుస్తకంలో అక్కడి సెనేటరు రిచ్చి పేరు దీనికి పెట్టాడు. కాబట్టి అసలు పలుకుబడి రిచ్చియా. మన ల్యాబుల్లో రిక్సియా, రిక్షియా అని రెండూ వినబడతాయి. నేను అలవాటైనదే రాస్తున్నాను.

ఎప్పుడు, ఎక్కడ

జూన్‌లో తొలకరి పడగానే వెళ్తే దొరకదు. నేలలో ఉన్న సిద్ధబీజాలు (విత్తనాల బదులు ఈ మొక్క వదిలే సన్నటి స్పోర్లు) అప్పుడప్పుడే లేస్తుంటాయి, కంటికి ఆనవు. ఉబాలు (వరినాట్లు) అయిపోయి, గట్లు కుదుటపడి, వాటి మీద మనుషుల తిరుగుడు తగ్గాక చూడాలి. మా వైపు ఆగస్టు చివర నుంచి లేతవి కనిపిస్తాయి. అక్టోబరు, నవంబరుల్లో బాగా ముదిరినవి దొరుకుతాయి. దీపావళి దాటి మంచు పడుతుంటే మొక్క మధ్య గాడిలో నల్లటి చుక్కలు కనబడతాయి, అవే సిద్ధబీజాలున్న సంచులు. ప్రాక్టికల్స్‌కి అడిగేది వాటినే. సంక్రాంతికి ఎండిపోవడం మొదలవుతుంది.

గట్టు నెత్తి మీద వెతక్కండి, అక్కడ కాళ్ళు పడతాయి. పక్క వాలు చూడండి, అందులోనూ మధ్యాహ్నం ఎండ నేరుగా తగలని వైపు. గడ్డి మరీ ఎత్తుగా ఉంటే నీడకి ఉండదు, మేకలు కొరికి పొట్టిగా చేసిన చోట ఉంటుంది. గడ్డి మందు కొట్టిన గట్టు మీద నాకు ఏనాడూ దొరకలేదు. గట్టు గడ్డి పసుపుగా మాడి ఉంటే సైకిలు దిగకుండా ముందుకు పొండి. సముద్రం పక్క ఉప్పునేలల్లో తిరిగి కూడా ఉత్త చేతులతోనే వచ్చాను.

రెండో చోటు చెరువు. డిసెంబరు, జనవరుల్లో నీళ్ళు వెనక్కి తగ్గుతుంటే బయటపడే మెత్తటి ఒండ్రు మీద గుండ్రంగా, లేత పచ్చగా, స్పాంజిలాంటి రిక్సియాలు వస్తాయి. ఇవి గట్టు మీదవాటికి దాయాదులే గానీ వేరే రకం, కింద చెబుతాను. నాగావళి ఇసుక మేటల మధ్య ఒండ్రు నిలిచిన చోట్ల కూడా చూశాను.

మూడోది కాలేజీలోనే ఉంది. ఓవర్‌హెడ్ ట్యాంకు కింద, పైపు కారే చోట. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు నేను గుర్తుపెట్టుకున్న గట్లన్నీ ఒండ్రు కిందికి పోయాయి. నెల తిరక్కుండా ప్రాక్టికల్స్. ఆ ఏడాది గండం గడిచింది ట్యాంకు కింద ఉన్న జానెడు జాగాలో పెరిగిన రిక్సియాతోనే. ప్లంబర్ వచ్చినప్పుడల్లా ఆ లీకు బాగుచేస్తాడేమో అని నాకు గుబులు.

సాలిహుండం కొండెక్కితే ఇటుకల సందుల్లోని పాచిని చూడండి, కానీ అట్లకాడ సంచిలోంచి తీయకండి. అది పురావస్తు శాఖ కాపాడుతున్న చోటు. రామతీర్థం లాంటి గుడి కొండల మీద కూడా అంతే, కళ్ళతో చూసి ఫొటో తీసుకుని వచ్చేయడమే.

పొలం ఎవరిదో వాళ్ళని అడిగి దిగండి. ఒకసారి ఆముదాలవలస రోడ్డు పక్కన గట్టు మీద కూర్చుని ఉంటే వెనక నుంచి గొంతు.

“ఏటి బావూ, మా గట్టు తవ్వేత్తన్నావు?”

“తవ్వడం కాదు మావా, పాచి గీకుతున్నాను. కాలేజీ పిల్లలకి.”

“పాచి సూడ్డానికి కాలేజీకెల్లాలేటి?”

నేను భూతద్దం ఆయన చేతికిచ్చాను. కాసేపు చూసి, “ఇది ముగ్గేసినట్టుందేటి బావూ” అన్నాడు. అదే సరైన మాట. గుండ్రంగా పరుచుకున్న రిక్సియాని పుస్తకాలు రోసెట్ అంటాయి. ముగ్గు అనుకుంటే మరిచిపోరు.

తీయడం

అట్లకాడని నేలకి దాదాపు సమాంతరంగా పెట్టి, ముగ్గుకి రెండు వేళ్ళ దూరం నుంచి నెట్టాలి. కింద మట్టి పొర అర సెంటీమీటరు మందం ఉంటే చాలు. నేల గట్టిగా ఉంటే ముందు సీసాలో నీళ్ళు చల్లి పది నిమిషాలు ఆగండి. ఒకచోట ఉన్నదంతా ఊడ్చకండి. నాలుగు ముగ్గులుంటే ఒకటి తీయండి, వచ్చే ఏడాది మీకే కావాలి.

పాలిథీన్ కవర్లో పెట్టి మూతి కట్టేస్తే ఇంటికొచ్చేసరికి ఆవిరి పట్టి కుళ్ళు వాసన వస్తుంది. ఖాళీ స్వీట్ బాక్సులో తడి న్యూస్‌పేపర్ పరిచి దాని మీద పెట్టండి. చీటీ మీద పెన్సిల్‌తో తేదీ, ఊరు, గట్టా చెరువా, ఎండా నీడా, ఎర్రమట్టా నల్లమట్టా రాయండి. పెన్నుతో రాస్తే తడికి పోతుంది. ఇంటికెళ్ళి రాద్దామనుకున్న ఏ చీటీ నేను రాయలేదు.

రిక్సియా కానివి

ఇక్కడ తొందరపడకండి, సగం తప్పులు ఇక్కడే జరుగుతాయి. వాన తర్వాత నేల మీద ముదురాకుపచ్చ జెల్లీలా కనబడేది నాస్టాక్. వేళ్ళ మధ్య నొక్కితే జారిపోతుంది, రిక్సియా జారదు. గుండె ఆకారంలో, అర సెంటీమీటరు ఉండి, వెలుగుకి పెడితే అద్దంలా పల్చగా కనిపించేది ఫెర్న్ పిల్ల, దాన్ని ప్రోథాలస్ అంటారు. మధ్యలో గాడి ఉండదు. పాత బావుల లోపలి గోడలకి పసుపుపచ్చ మెరుపుతో ఉండే పల్చటిది సయాథోడియం. ఇటుక గోడల మీద వెడల్పాటి పట్టీల్లా, పైన సూది గుచ్చినట్టు రంధ్రాలతో, అడుగున ఊదా రంగుతో ఉంటే అది ప్లాజియోకాస్మా అయ్యే అవకాశం ఎక్కువ.

అన్నిటికన్నా మోసం చేసేది ఆంథోసెరాస్ గుంపు. అవీ గట్ల మీదే, రిక్సియా పక్కనే పెరుగుతాయి. రంగు ముదురుగా, నూనె రాసినట్టు ఉంటుంది. గాడి ఉండదు. కొమ్ముల్లాంటివి పైకి లేస్తే పని సులువు, లేనప్పుడు చిన్న ముక్క తుంచి మైక్రోస్కోపు కింద పెట్టండి. ఒక్కో కణంలో ఒకే ఒక పెద్ద హరితరేణువు కనబడితే అది ఆంథోసెరాస్ వైపుది. రిక్సియా కణంలో చిన్నచిన్నవి చాలా ఉంటాయి. మార్కాన్షియా అనే ఇంకో లివర్‌వర్టుతో గందరగోళం తక్కువ. అది చాలా పెద్దది, వీపు మీద చిన్న గిన్నెలుంటాయి, గొడుగులు లేపుతుంది. రిక్సియా గిన్నెలూ పెట్టదు, గొడుగులూ లేపదు.

పై నుంచి చూడటం

పది రెట్లు చూపే భూతద్దం చాలు. కాగితం మైక్రోస్కోపు ఫోల్డ్‌స్కోప్ ఉన్నా పనికొస్తుంది. ముగ్గు వెడల్పు ఒకటి నుంచి మూడు సెంటీమీటర్లు. అందులో ఒక్కో పట్టీ ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల వెడల్పు. ప్రతి పట్టీ పంగలకర్రలా రెండుగా చీలుతుంది, ఆ రెండూ మళ్ళీ పంగలవుతాయి. దీన్నే ద్విభాజి శాఖలు అని రాస్తారు. పట్టీ మధ్యలో పొడవునా గాడి, కొసన చిన్న నొక్కు. పెరిగే కణాలు ఉండేది ఆ నొక్కులో. వెనక భాగం ముసలిదై కుళ్ళిపోతుంటే ముందు కొసలు విడిపోయి వేటికవి కొత్త మొక్కలవుతాయి. ఒకే ముగ్గు మధ్యలో ఖాళీ పడి గాజులా మిగలడం మీరూ చూస్తారు.

ఇప్పుడు ఎండిన ముక్క ఒకటి తీసుకోండి. జనవరి చివర్లో గట్టు మీద నల్లటి దారప్పోగుల్లా, ఊదా రంగు పీచులా పడి ఉంటుంది, చచ్చిందనుకుంటాం. తెల్ల కాగితం మీద పెట్టి చూస్తే పట్టీ రెండంచులూ లోపలికి ముడుచుకుని గాడిని కప్పేసి ఉంటాయి, తలుపులు మూసినట్టు. పైకి కనబడుతున్న ఊదా రంగు అడుగున ఉండే పొలుసులది. ఒక చుక్క నీళ్ళు వేయండి. ముందు నీళ్ళు పక్కకి జారతాయి. తర్వాత కొస దగ్గర కాస్త కదులుతుంది, గాలికి అనుకుంటారు. రెండో చుక్క వేయండి. అంచులు మెల్లగా విచ్చుకుంటూ మధ్యలో పచ్చటి గీత తేలుతుంది, కాసేపట్లో ఆ గీత పట్టీ అవుతుంది. క్లాసులో ఈ ఒక్కటి చూపిస్తే వెనక బెంచీవాళ్ళు కూడా ముందుకొచ్చి వంగి చూసేవారు. అన్ని జాతులూ ఇంత బాగా లేవవు. కొన్ని ఏడాదితో సరి, వాటి సిద్ధబీజాలే మిగులుతాయి. కొన్ని ఎండాకాలానికి ముందే కొసల్లో దుంపల్లాంటివి కట్టి మట్టిలో దాచుకుంటాయి.

అడుగు చూడటం

మట్టిని కుళాయి కింద కడక్కండి. పళ్ళెంలో నీళ్ళు పోసి, తిరగేసి, మెత్తటి కుంచెతో తడితే చాలు. అడుగున రెండు రకాలు కనబడాలి. తెల్లటి దారాల్లాంటివి మూలతంతువులు. ఒక్కోటీ ఒకే కణం. మైక్రోస్కోపు కింద కొన్నిటి గోడ నున్నగా ఉంటుంది, కొన్నిటిలో గోడ నుంచి లోపలికి మొటిమల్లాంటివి పొడుచుకొస్తాయి. రెండూ గీసి పేర్లు రాస్తేనే బొమ్మకి మార్కులు.

రెండోది పొలుసులు, ఒకే కణం మందం. కొస దగ్గర ఒకే వరసలో పుట్టి, పట్టీ వెడల్పయ్యే కొద్దీ మధ్యకి చీలి రెండు అంచులకీ సర్దుకుంటాయి. కాబట్టి ముదిరిన భాగంలో రెండు వరసలు, లేత కొసలో ఒక వరస. పిల్లలు మధ్యలో ఒక ముక్క చూసి “రెండు వరసలు” అని రాసేసి, వైవాలో కొస గురించి అడిగితే బిక్కమొహం వేస్తారు.

అడ్డుకోత

దీనికి కావాల్సింది కొత్త బ్లేడులో సగం, పచ్చి బొప్పాయి ముక్క. క్యారెట్ వాడమంటారు, దాని నారింజ రంగు పొడి స్లయిడంతా పడుతుంది. బొప్పాయి ముక్కని చూపుడువేలంత చెక్కి, పైన చీలిక పెట్టి, అందులో రిక్సియా పట్టీని నిలువుగా దూర్చండి. కొస పైకి ఉండాలి. బ్లేడు తడిపి, మీ వైపుకి ఒకే లాగులో కోయాలి, రంపంలా ముందుకీ వెనక్కీ కాదు. ఇరవై కోతలు కోసి నీళ్ళలో వేస్తే, వాటిలో కంటికి కనబడీ కనబడనట్టు ఉన్నదే మంచిది. మొదటి రోజు ఎవరికీ రాదు. సఫ్రనిన్ అనే ఎర్ర రంగు ఒక చుక్క, అర నిమిషం, కడిగి గ్లిజరిన్‌లో పెట్టి కవర్ గ్లాసుని ఏటవాలుగా దించండి.

బాగా వచ్చిన కోతలో పైసగం, కిందిసగం తేడా కొట్టొచ్చినట్టు ఉంటుంది. పైన పచ్చటి కణాలు ఒకదాని మీద ఒకటి నిలువు వరసలుగా, తోటలో పోక చెట్లు నిలబడ్డట్టు. వరసకీ వరసకీ మధ్య సన్నటి గాలి సందు. ప్రతి వరసకీ నెత్తిన రంగులేని పెద్ద కణం ఒకటి బుడగలా కూర్చుంటుంది. ఈ బుడగల మధ్య ఖాళీలుంటాయి కాబట్టి పై పొర తెగిపోని దుప్పటిలా ఉండదు, సందులు సందులుగా ఉంటుంది. కింద పచ్చదనం లేని కణాలు ఒత్తుగా, సందుల్లేకుండా. ఆహారం దాచుకునే చోటది. సఫ్రనిన్ వేయని కోత మీద అయోడిన్ చుక్క వేస్తే నీలినలుపు తిరుగుతుంది, అది పిండి పదార్థం.

అదృష్టం ఉంటే గాడి కింద పాతిపెట్టిన ఆంథెరీడియాలు (మగ అవయవాలు), ఆర్కిగోనియాలు (ఆడ అవయవాలు) తగులుతాయి. ఆంథెరీడియం కోలగా, గదిలో కూర్చున్నట్టు ఉంటుంది. ఆర్కిగోనియం సీసాలా పొడుగు మెడతో ఉంటుంది. మగకణం ఈదుకుంటూ వెళ్ళాలి కాబట్టి ఫలదీకరణకి నీళ్ళు ఉండి తీరాలి. గాడిలో నిలిచిన వాన చుక్క చాలు.

తర్వాత తయారయ్యే సిద్ధబీజదం, అంటే సిద్ధబీజాలు పుట్టే భాగం దగ్గర ఆగండి, రిక్సియా పాఠం అంతా ఇక్కడే ఉంది. మార్కాన్షియాలో అయితే దానికి పాదం, కాడ, గుళిక మూడూ ఉంటాయి. సిద్ధబీజాల్ని చెదరగొట్టే స్ప్రింగుల్లాంటి ఇలేటర్లు ఉంటాయి. రిక్సియాలో పాదం లేదు, కాడ లేదు, ఇలేటర్లు లేవు. ఉన్నది ఉత్త సంచి. ముదిరేసరికి ఆ సంచి గోడ కూడా కరిగిపోయి, సిద్ధబీజాలు తల్లి మొక్క ఒంట్లోనే పడి ఉంటాయి. తల్లి కుళ్ళితేనే అవి బయటపడేది. ఇంత సాదాగా ఉంది కాబట్టి లివర్‌వర్టులన్నిటికీ ఇదే పూర్వీకురాలు అని చాలామంది అనుకున్నారు. భారతీయ బ్రయోఫైటా శాస్త్రానికి పితామహుడని చెప్పే శివరామ్ కశ్యప్ (1882-1934) అది తిరగబడిన లెక్క అన్నాడు. ఉన్నవి ఒక్కోటీ వదిలించుకుంటూ సాదా అయింది అన్నది ఆయన వాదన. ఇప్పటి డీఎన్ఏ పరిశీలనలు రిక్సియా విషయంలో ఆయన వైపే ఉన్నాయి. ఏడాదిలో నాలుగు నెలలే తడి ఉండే గట్టు మీద బతకాలంటే కాడలు, గొడుగులు కట్టే తీరిక ఎక్కడిది.

జాతి పేరు

నా సీసా కథ ముందు చెప్పాలి. అంచులు ఊదా రంగులో ఉన్న రిక్సియా తెచ్చి, పుస్తకంలో రంగు చూసి “రిక్సియా డిస్కలర్” అని చీటీ అంటించాను. ఆ సీసా పదకొండేళ్ళు బల్ల మీద ఉంది. ఒక ఏడాది బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ మేడం దాంట్లోంచి ఒక మొక్క తీసి, తనే కోసి, నన్ను పిలిచి చూడమన్నారు. ఒకే పట్టీలో ఆంథెరీడియమూ ఉంది, ఆర్కిగోనియమూ ఉంది. డిస్కలర్‌లో ఆడది వేరు, మగది వేరు. “చీటీ ఎవరు రాశారండీ?” అన్నారు నవ్వుతూనే. పదకొండు బ్యాచ్‌ల రికార్డుల్లో ఆ పేరే ఉంది. ఊదా రంగు ఎండకి కూడా వస్తుంది. ఒకే రకం, నీడలో పచ్చగా, ఎండలో ఊదాగా ఉన్నది తర్వాత నేనే చూశాను.

కాబట్టి రంగుని ఆఖర్న చూడండి. ముందు కోత చూడండి. గాలి సందులు సన్నగా, ఒళ్ళు గట్టిగా ఉంటే అది రిక్సియా అనే ఉపప్రజాతి. గాలి గదులు పెద్దవై, పొంగిన దిబ్బరొట్టె విరిస్తే కనిపించే బొక్కల్లా ఉంటే రిక్సియెల్లా అనే ఉపప్రజాతి. చెరువు ఒండ్రు మీద స్పాంజివి అన్నాను కదా, క్రిస్టలినా, ఫ్రాస్టియై లాంటివి, అవి ఈ రెండోదాంట్లోవి. తర్వాత ఆడామగా కలిసే ఉన్నాయా, వేరా అన్నది. బిల్లార్డియెరి, గాంజెటికా, క్రిస్టలినాల్లో కలిసే ఉంటాయి. డిస్కలర్, ఫ్రాస్టియైల్లో వేరు. ఒక్క పట్టీ కోసి తేల్చేయకండి, ఒకే ముగ్గులో ఐదారు పట్టీలు కోయాలి. పాత పుస్తకాల్లో హిమాలయెన్సిస్ అని కనబడితే అది డిస్కలరే. ఆ తర్వాత గాడి లోతు, అంచు పదునా గుండ్రమా, అంచున వెంట్రుకలున్నాయా, పొలుసులు అంచు దాటి బయటికొచ్చాయా అన్నవి రాసుకోండి.

చివరి మాట సిద్ధబీజానిది. నల్ల చుక్క ఒకటి సూదితో తీసి స్లయిడ్ మీద చిదపండి. బ్రయోఫైటుల్లో ఇంత పెద్ద సిద్ధబీజాలు అరుదు, చిన్న లెన్సుకే కనబడతాయి. పై పొర మీద తేనెపట్టులా గళ్ళుంటాయి. ఒక్క అడ్డానికి ఎన్ని గళ్ళున్నాయి, చుట్టూ రెక్కలాంటి అంచు ఉందా, నాలుగేసి అతుక్కునే ఉన్నాయా విడిపోయాయా, ఇవే జాతిని పట్టిచ్చేవి. సైజుకి స్కేలు లేకపోతే ఒక ఉపాయం. కంటి దగ్గర లెన్సు మీద 18 అని ఉంటే, 10 రెట్ల ఆబ్జెక్టివ్ (స్లయిడ్ దగ్గరి లెన్సు) పెట్టినప్పుడు మీకు కనబడే గుండ్రటి వెలుతురు వెడల్పు 1.8 మిల్లీమీటర్లు, అంటే 1800 మైక్రాన్లు. ఆ అడ్డానికి పక్కపక్కన 20 సిద్ధబీజాలు పడతాయనిపిస్తే ఒక్కోటి సుమారు 90 మైక్రాన్లు. సిద్ధబీజం దొరకని నమూనాకి ప్రజాతి పేరు రాసి, జాతి దగ్గర ఖాళీ వదిలేయండి. ఖాళీ వదిలితే ఎవరూ తప్పుపట్టరు.

నీళ్ళలోది

రిక్సియా ఫ్లూయిటాన్స్ అని ఒకటి తేలుతూ బతుకుతుంది, సన్నటి పంగల రిబ్బన్ల చిక్కులా. నీళ్ళలో ఉన్నంతకాలం దానికి మూలతంతువులు ఉండవు. బురద మీదకి చేరితే వెడల్పై, మూలతంతువులు వేస్తుంది. అక్వేరియం షాపుల్లో రిక్సియా అని అమ్మేది దీన్నే. జపాన్‌లో అక్వేరియంలు తీర్చిదిద్దే తకాషి అమానో దీన్ని రాళ్ళకి దారంతో కట్టి నీళ్ళ అడుగున పెంచడం ప్రచారంలోకి తెచ్చాడు. వెలుగు పడితే కొసల మీద ముత్యాల్లా గాలి బుడగలు నిలుస్తాయి. కిరణజన్య సంయోగక్రియ చూపించడానికి హైడ్రిల్లా కన్నా ఇదే అందంగా ఉంటుందని నా అభిప్రాయం. షాపు మొక్కని మాత్రం ఊరి చెరువులో పారేయకండి.

దాచడం

సీసాలో పెట్టాలంటే 70 శాతం ఆల్కహాల్ 90 మిల్లీలీటర్లు, ఫార్మాలిన్ 5, గ్లేషియల్ అసిటిక్ యాసిడ్ 5. పచ్చదనం నిలవాలంటే చిటికెడు మైలుతుత్తం. కిటికీ తీసి కలపండి, ఫార్మాలిన్ కళ్ళని మండిస్తుంది. చేతికి గ్లవుజులు వేసుకోండి, నేను వేసుకోక గోళ్ళు పసుపుపచ్చ చేసుకున్నాను. ఇంట్లో చేసే పని కాదిది, పిల్లలున్న ఇంట్లో అసలు కాదు.

ఇంట్లో అయితే కాగితం పొట్లమే మేలు. మట్టితో సహా నీడన ఆరబెట్టి, తెల్ల కాగితాన్ని కవరులా మడిచి అందులో పెట్టి, చీటీలోని సంగతులన్నీ పై మడత మీద రాయండి. మిగతా మొక్కల్లా బరువు పెట్టి నొక్కకూడదు, గాడి చదునైపోతుంది. చూడాల్సి వచ్చినప్పుడు నీళ్ళలో నానబెడితే కోతకి పనికొస్తుంది.

బతికున్నదే కావాలనుకుంటే మట్టి మూకుడు ఒకటి, అడుగున ఇటుక రజను, పైన అదే గట్టు మట్టి. ముగ్గుని నొక్కి కూర్చోబెట్టి, ఉదయం ఎండ మాత్రం తగిలే చోట పెట్టండి. నీళ్ళు పైన పోయకుండా, మూకుడిని నీళ్ళ పళ్ళెంలో కూర్చోబెట్టి కింద నుంచి తాగనివ్వండి. సంక్రాంతి నుంచి నీళ్ళు తగ్గించి, మార్చిలో పూర్తిగా ఆపేసి మంచం కిందికి తోసేయండి. మొదటి ఏడాది నేను జాలిపడి ఏప్రిల్లో కూడా తడుపుతూ బూజు పట్టించాను. జూన్‌లో వాన పడినప్పుడు చూరు కింద పెట్టండి. బోరు నీళ్ళు పోస్తే పైన తెల్లటి ఉప్పు పేరుకుంటుంది, వాన నీళ్ళే పట్టుకోవాలి.